సీనియర్ ‘ఆయిల్ నొక్కుకోదు’ అంటున్నారు, మెషీన్ 19 మిల్లీమీటర్లు చూపిస్తోంది: రిపోర్టులో ఏం రాయాలి?

పేరు వద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. లెక్కల కాగితాలతో కలిపి బాగా పెద్దది కాబట్టి కుదించి చెప్తున్నాను. ఆయన డిప్లొమా చదివి కొన్నేళ్లు ఆపరేటర్‌గా చేశారు, ఈమధ్యే మెయింటెనెన్స్‌కి మార్చారు. వాళ్ల దగ్గర అడ్డంగా, ఎదురెదురుగా రెండు సిలిండర్లున్న హైడ్రాలిక్ టెస్ట్ మెషీన్ ఉంది. ఒక సిలిండర్ ముందుకొచ్చి వస్తువును నొక్కుతుంది, రెండోది వెనక నుంచి కదలకుండా పట్టుకోవాలి. పట్టుకునే సిలిండర్‌లో ఆయిల్‌ని వాల్వ్ మూసి లాక్ చేస్తారు. లోపలి వ్యాసం 200 మిల్లీమీటర్లు, పిస్టన్ వెనక ఆయిల్ పొడవు 1 మీటర్, వాల్వ్ దాకా 3 మీటర్ల రబ్బర్ హోస్. ప్రెషర్ 200 బార్‌కి చేరేసరికి ఆ పిస్టన్ 19 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతోంది. సీనియర్ సీల్ పోయిందన్నారు, సీల్ మార్చారు, మళ్లీ అదే 19.

‘ఆయిల్ నొక్కుకుంటుందేమోనని లెక్క వేశాను. ఒక టేబుల్‌లో బల్క్ మాడ్యులస్ 1.4 గిగాపాస్కల్ అని ఉంది, ఇంకో దాన్లో 1.8. ఒకదానితో 14 మిల్లీమీటర్లు వస్తోంది, ఇంకోదానితో 11. అది చూసి మా సీనియర్ అందరి ముందూ అన్నారు, ద్రవాలు నొక్కుకోవని చిన్నపిల్లలకి కూడా తెలుసు, నీ దగ్గర రెండు జవాబులున్నాయి, రెండూ తప్పే అని. నేను ఆయన్ని అన్నా అనే పిలుస్తాను, పని నేర్పింది ఆయనే. ఇప్పుడు మేనేజర్ నన్ను రాతపూర్వకంగా రిపోర్టు ఇమ్మన్నారు. లైన్‌లో గాలి ఉందని నా అనుమానం, కానీ గాలి తీసే పని చేసింది ఆయనే. రాస్తే ఆయన పరువు, రాయకపోతే నా పని. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా లెక్క సరైనదో కాదో ముందు చెప్పండి.’

ముందు అదే చెప్తాను. మీ లెక్కలో తప్పు లేదు. అయితే అది పూర్తికాలేదు. మీ సీనియర్ గారి మాట కూడా పూర్తిగా తప్పేం కాదు, అది ఎక్కడిదాకా నిజమో అక్కడిదాకానే నిజం. మీ టెన్షన్‌లో సగం ఈ రెండూ కలిసిపోవడం వల్లే వచ్చింది, అందుకే విడదీసి చూద్దాం.

బల్క్ మాడ్యులస్ అంటే ఒక పదార్థాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కినప్పుడు అది తగ్గకుండా ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె. పెంచిన ప్రెషర్‌ని బల్క్ మాడ్యులస్‌తో భాగిస్తే, ఘనపరిమాణం ఎన్నో వంతు తగ్గిందో వస్తుంది. 200 బార్ అంటే 20 మెగాపాస్కల్. మీ రెండు అంకెల మధ్యలో 1.6 గిగాపాస్కల్, అంటే 1600 మెగాపాస్కల్ తీసుకుందాం. 20ని 1600తో భాగిస్తే 0.0125, అంటే నూటికి ఒకటింబావు. సిలిండర్ వ్యాసం అంతటా ఒకటే కాబట్టి ఘనపరిమాణంలో వచ్చిన తగ్గుదలంతా పొడవులోనే కనిపిస్తుంది, మీటర్‌కి 12.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూడండి. 10 సెంటీమీటర్ల ఆయిల్ ఉన్న చిన్న సిలిండర్, 20 బార్ ప్రెషర్. అదే లెక్క వేస్తే మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు వస్తుంది, స్కేల్ పెట్టి చూసినా తెలీదు. ఎక్కువగా అలాంటి సిలిండర్లతోనే పనిచేసిన మనిషికి ఆయిల్ నొక్కుకోదు అనేది రోజూ కళ్లముందు నిజమయ్యే మాట. నొక్కుకుంటుందా లేదా అనే ప్రశ్నకి విడిగా జవాబు లేదు, ఎంత ప్రెషర్, ఎంత పొడవు, ఎంత తేడా వస్తే మనకి నష్టం అన్న మూడూ కలిస్తేనే జవాబు. పాతకాలంలో శాస్త్రవేత్తలే దీని దగ్గర ఆగిపోయారు. 17వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో లోహపు గోళంలో నీళ్లు నింపి మూసి నొక్కి చూస్తే, నీరు తగ్గే బదులు లోహంలోంచి చెమర్చి బయటికొచ్చింది, కాబట్టి నీరు నొక్కుకోదనుకున్నారు. నొక్కుకుంటుందని ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ కాంటన్ 1762లో ప్రయోగంతో చూపించారు. నీటి బల్క్ మాడ్యులస్ 2.2 గిగాపాస్కల్, మీ ఆయిల్ కంటే గట్టిది, అయినా సముద్రంలో అన్నిటికంటే లోతైన చోటు, దాదాపు 11 కిలోమీటర్ల లోతున్న చాలెంజర్ డీప్ అడుగున వెయ్యి బార్ దాటిన ప్రెషర్‌కి నీరు 5 శాతం దాకా చిక్కబడుతుంది.

రెండు టేబుళ్లలో రెండు అంకెలున్నాయని మీరు సిగ్గుపడాల్సిన పనే లేదు. ఆయిల్ వేడెక్కితే బల్క్ మాడ్యులస్ తగ్గుతుంది, ప్రెషర్ పెరిగితే పెరుగుతుంది, నెమ్మదిగా నొక్కితే ఒకటి, దెబ్బలా వేగంగా నొక్కితే ఇంకొకటి. వేగంగా నొక్కినప్పుడు పుట్టిన వేడి బయటికి పోయే టైమ్ ఉండదు కాబట్టి పదార్థం ఇంకాస్త గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఆయిల్‌లో ఈ తేడా నూటికి పదీ పదిహేను దాకా ఉంటుంది, గాలిలో అయితే ఏకంగా 1.4 రెట్లు. గాలిలో ధ్వని వేగానికి న్యూటన్ వేసిన లెక్క తక్కువ రావడానికి కారణం ఇదే, తర్వాత లాప్లాస్ దాన్ని సరిదిద్దారు. అందుకే టేబుల్‌లో అంకె చూసేటప్పుడు పక్కన ఏ ఉష్ణోగ్రత, ఏ ప్రెషర్ అని రాశారో చూడండి, అవి లేని అంకెను చేత్తో ముట్టుకోవద్దు. మీది నెమ్మది లోడ్ కాబట్టి ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారకుండా కొలిచింది) అని రాసింది తీసుకోవాలి. ఆయిల్ తయారీదారు ఇచ్చే డేటా షీట్‌లో మీ ఆయిల్‌కే ఉంటే అన్నిటికంటే మంచిది.

కానీ మీరు ఎక్కడ తడబడ్డారో చూడండి. 11 సరైనదా 14 సరైనదా అని కొట్టుకుంటున్నారు. ఏది సరైనదైనా 19 రాదు కదా! మీ గొడవంతా ఆ మిగిలిన దాంట్లో ఉంది. టేబుల్‌లో అంకె స్వచ్ఛమైన ఆయిల్‌ది. మీ మెషీన్‌లో ప్రెషర్ ఆయిల్ ఒక్కదాన్నే నొక్కడం లేదు, సిలిండర్ గోడను బయటికి తోస్తోంది, హోస్‌ని ఉబ్బిస్తోంది, హోస్‌లో ఉన్న ఆయిల్‌నీ నొక్కుతోంది, గాలి బుడగలుంటే వాటినీ నలుపుతోంది. ఇవన్నీ కలిసి ఒక్క పిస్టన్ దగ్గర కనిపిస్తున్నాయి.

ఒక్కొక్కటీ తీసేద్దాం. సిలిండర్ గోడ మందం మీరు రాయలేదు, 20 మిల్లీమీటర్లు అనుకుందాం. గోడ లోహాన్ని సాగదీసే ఒత్తిడి (స్ట్రెస్) సుమారు 100 మెగాపాస్కల్, ఉక్కు యంగ్ మాడ్యులస్, అంటే లాగితే సాగకుండా ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె, 200 గిగాపాస్కల్, కాబట్టి వ్యాసం రెండువేలల్లో ఒక వంతు పెరుగుతుంది, ఘనపరిమాణం దానికి రెట్టింపు, అంటే వెయ్యింట ఒక వంతు. మీటర్‌కి 1 మిల్లీమీటర్. హోస్ లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లయితే 3 మీటర్లలో దాదాపు లీటరున్నర ఆయిల్ ఉంటుంది, అది ఒకటింబావు శాతం తగ్గితే 18 మిల్లీలీటర్లు, మీ పిస్టన్ దగ్గర 0.6 మిల్లీమీటర్లు. 12.5కి ఇవి కలిపితే 14.1. ఇంకా దాదాపు 5 మిల్లీమీటర్లకి లెక్క లేదు. అది గాలైనా కావాలి, హోస్ ఉబ్బైనా కావాలి, సీల్ లీకైనా కావాలి. పిస్టన్ రాడ్ పొట్టిపడటం మిల్లీమీటర్‌లో చిన్న ముక్క, దాన్ని వదిలేయండి.

ముందు సీల్ సంగతి తేల్చండి, అది సులువు. 200 బార్ దగ్గర ప్రెషర్ మారకుండా పది నిమిషాలు ఆపి పిస్టన్‌ని చూడండి. లీక్ అయితే పిస్టన్ ఆగదు, జరుగుతూనే ఉంటుంది, లోడ్ తీసేసినా మొదటి చోటికి తిరిగి రాదు. నొక్కుడైతే 19 దగ్గర ఆగుతుంది, లోడ్ తీయగానే తిరిగొస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: వేడిగా ఉన్న ఆయిల్ ఈ పది నిమిషాల్లో చల్లబడితే దానంతటదే ముడుచుకుంటుంది, ఒక్క డిగ్రీకి మీ మీటర్ పొడవులో సుమారు 0.7 మిల్లీమీటర్లు. దాన్ని చూసి లీక్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకని మెషీన్ రాత్రంతా ఆగి, అంతా ఒకే ఉష్ణోగ్రతకి వచ్చాక ఉదయం మొదటి పనిగా ఈ పరీక్ష చేయండి, సిలిండర్ మీద థర్మామీటర్ కూడా పెట్టండి.

ఇక గాలా, హోసా. మీరు 200 బార్ దగ్గర ఒక్క రీడింగే తీసుకున్నారు, ఒక్క చుక్కతో ఏ గీత గీసినా సరిపోతుంది. సున్నా నుంచి 20, 50, 100, 150, 200 బార్ దగ్గర ఆగి ఆగి తీసుకోండి. గాలి ప్రవర్తన వేరు. మామూలు వాతావరణ ప్రెషర్ దగ్గర గాలి బల్క్ మాడ్యులస్, నెమ్మదిగా నొక్కితే, ఆ ప్రెషర్ అంతే, అంటే 1 బార్. ఆయిల్‌ది 16 వేల బార్. అందుకే గాలి మొదట్లోనే కుప్పకూలుతుంది. గేజ్ 20 బార్ చూపించేసరికి బుడగ 21వ వంతుకి చిక్కిపోతుంది, తగ్గాల్సిందంతా అక్కడికే తగ్గిపోయింది, ఆ తర్వాత 200 దాకా దానివల్ల వచ్చేది దాదాపు ఏమీ లేదు.

కాబట్టి ఆ 5 మిల్లీమీటర్లూ గాలి వల్లే అయితే మీకు 20 బార్ దగ్గరే 6 మిల్లీమీటర్ల పైన కనిపించాలి, 100 దగ్గర 12, 200 దగ్గర 19. గాలి అస్సలు లేకుండా అంతా ప్రెషర్‌తో సమానంగా సాగేదే అయితే 20 దగ్గర 2 కూడా దాటదు, 100 దగ్గర 9.5, చివర్లో అదే 19. చివరి అంకె ఒకటే అయినా 20 బార్ దగ్గర మూడు రెట్ల తేడా ఉంది చూశారా. హోస్ కూడా మొదట్లో కాస్త ఎక్కువే సాగుతుంది, నిజమే, కానీ మొత్తం 19లో మూడో వంతును 20 బార్‌కే తినేంత కాదు. స్కేల్‌నో గేజ్ స్టాండ్‌నో సిలిండర్ బాడీకే బిగించండి, మెషీన్ ఫ్రేమ్‌కి బిగిస్తే ఫ్రేమ్ సాగింది కూడా మీ ఖాతాలో పడుతుంది.

ఇదే గ్రాఫ్ నుంచి మీ మెషీన్ సొంత బల్క్ మాడ్యులస్ కూడా వస్తుంది. గాలి కేసులో 100 నుంచి 200 దాకా 7 మిల్లీమీటర్లే జరుగుతుంది, 10 మెగాపాస్కల్‌ని 0.007తో భాగిస్తే 1.43 గిగాపాస్కల్. అదే సున్నా నుంచి 200 దాకా మొత్తం తీసుకుంటే 20 మెగాపాస్కల్‌ని 0.019తో భాగించాలి, 1.05 వస్తుంది. మెషీన్ ఒకటే, ఏ ముక్క మీద కొలిచారన్నదాన్ని బట్టి అంకె మారింది. రిపోర్టులో 1.05 అని ఒక్కటే రాస్తే, ‘ఏ పుస్తకంలోనూ లేని అంకె’ అని మళ్లీ నవ్వుతారు. ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొలిచిందో పక్కనే రాయండి.

గాలి అని తేలితే ఎంత గాలి? 5 మిల్లీమీటర్లని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే దాదాపు 160 మిల్లీలీటర్లు. మొత్తం 33 లీటర్ల ఆయిల్‌లో అర శాతం. అడ్డంగా ఉన్న సిలిండర్‌లో గాలి పైభాగంలో ఒక మూలకి చేరి కూర్చుంటుంది, గాలిని బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ సరిగ్గా ఆ ఎత్తైన చోట లేకపోతే ఎంత అనుభవజ్ఞుడు తీసినా కొంత మిగులుతుంది. ఆయిల్‌లో కరిగిపోయిన గాలితో బాధ లేదు, అది గట్టిదనాన్ని పెద్దగా మార్చదు, బుడగలుగా విడిగా ఉన్నదే ఇబ్బంది. కాబట్టి ‘లైన్‌లో గాలి ఉంది’ అన్న మాట ‘అన్న పని సరిగ్గా చేయలేదు’ అన్న మాట కాదు. మీ మనసులో మీరే ఈ రెండిటినీ ఒకటి చేసేసుకున్నారు.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, ఏది ఎంచుకున్నా దాని వెనక వచ్చేది తెలిసి ఎంచుకోండి.

ఉన్న లెక్కతోనే రిపోర్టు ఇచ్చేయొచ్చు. త్వరగా అయిపోతుంది, కానీ 14కీ 19కీ మధ్య ఏముందని మేనేజర్ అడిగితే ‘గాలి అనుకుంటున్నాను’ అనే చెప్పాలి. అనుమానాన్ని రాతలో పెట్టడం, అదీ ఇంకొకరు చేసిన పని మీద, నాకైతే నచ్చదు.

మీరొక్కరే ఎవరూ లేనప్పుడు పరీక్ష చేసి అంకెలతో రావొచ్చు. అంకెలు బలంగా ఉంటాయి, కానీ అందరి ముందూ మిమ్మల్ని తీసిపారేసిన మనిషిని మీరు అందరి ముందూ ఓడించినట్టవుతుంది. రేపు ఇంకో సిలిండర్ విప్పేటప్పుడు ఆయనే పక్కన ఉండాలి కదా. పైగా ఈ పని ఒంటరిగా చేయకూడదు. మీ సిలిండర్‌లో 200 బార్ దగ్గర నొక్కుకున్న ఆయిల్ ఒక్కదాన్లోనే దాదాపు 4 కిలోజూళ్ల శక్తి దాగుంటుంది, 100 కిలోల బరువు 4 మీటర్ల పైనుంచి పడినంత. ప్రెషర్ ఉండగా బ్లీడ్ స్క్రూ వదులు చేయడం, జాయింట్ దగ్గర చెయ్యి పెట్టి లీక్ వెతకడం ఎప్పుడూ చేయొద్దు. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, అయినా వెంటనే ఆపరేషన్ కావాల్సిన గాయం అది. లీక్ వెతకాలంటే అట్టముక్క వాడండి, గాలి తీయాలంటే మెషీన్ మాన్యువల్ చెప్పిన తక్కువ ప్రెషర్‌లోనే తీయండి.

లేదా ఆయన దగ్గరికే వెళ్లి, ‘అన్నా, సీల్ మార్చినా 19 తగ్గలేదు కదా, ఇప్పుడు 20 బార్ దగ్గర ఎంత జరుగుతుందో చూద్దాం, 2 వస్తే నా గాలి అనుమానం తప్పు, 6 వస్తే బ్లీడ్ స్క్రూ ఉన్న చోటు చూద్దాం’ అనొచ్చు. రీడింగ్ తీయకముందే రెండు అంకెలూ కాగితం మీద రాసి పెట్టండి. అప్పుడు తీర్పు మీరు చెప్పక్కర్లేదు, గేజ్ చెప్తుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా, అది మీ చేతుల్లో లేదు. ఒప్పుకోకపోతే ఇంకో సహోద్యోగిని తోడు పెట్టుకుని పరీక్ష చేయండి, ‘పిలిచాను, రాలేదు’ అన్నది మాత్రం రిపోర్టులోకి ఎక్కించొద్దు. నన్నడిగితే నేను ఈ దారినే మొగ్గుతాను, మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కంటే గౌరవమే ఎక్కువ కనిపించింది.

ఏమీ రాయకుండా మళ్లీ సీల్ మార్చడం కూడా ఒక దారే. కొన్నాళ్లు గొడవ ఉండదు, 19 మాత్రం అక్కడే ఉంటుంది.

రిపోర్టులో ఒక విషయం తప్పకుండా ఉండాలి, మేనేజర్‌కి అసలు కావాల్సింది కూడా అదే: గాలంతా తీసినా ఆ పిస్టన్ 14 మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. అది లోపం కాదు, ఆ ఆయిల్, ఆ పొడవు, ఆ ప్రెషర్ కలిస్తే వచ్చేదే అంత. దాన్ని తగ్గించాలంటే డిజైన్ మార్చాలి. వస్తువుకీ సిలిండర్‌కీ మధ్య ఉక్కు దిమ్మె పెట్టి ఆయిల్ పొడవుని 30 సెంటీమీటర్లకి తగ్గిస్తే ఆయిల్ వాటా 12.5 నుంచి 4 లోపుకి వస్తుంది, కాకపోతే పొడవాటి వస్తువులు పట్టవు. వాల్వ్‌ని సిలిండర్‌కే బిగిస్తే హోస్ లెక్కలోంచే పోతుంది, పైపింగ్ మార్చే పని ఉంటుంది. అసలు పరీక్షకి ముందే 20 బార్ ప్రెషర్ ఎక్కించి లాక్ చేసి, అక్కడి నుంచి కొలవడం మొదలుపెడితే గాలి ప్రభావం దాదాపు మాయమవుతుంది, ఇది పెద్ద మార్పులేం లేకుండా అయ్యే పని, కానీ గాలి లోపలే ఉండిపోతుంది కాబట్టి దీన్ని చికిత్స అనుకోవద్దు.

మీకు 20 బార్ దగ్గర 2 కాకుండా, 6 కాకుండా మధ్యలో 4 వచ్చిందనుకోండి. గాలీ హోసూ రెండూ పంచుకుంటున్నాయని అర్థం. అప్పుడు ప్రెషర్ పూర్తిగా దించి, హోస్ స్థానంలో అదే ప్రెషర్‌కి సరిపడే ఉక్కు పైపు తాత్కాలికంగా పెట్టి, గాలి మళ్లీ తీసి, అవే ప్రెషర్ల దగ్గర రీడింగులు తీయండి. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గీయండి. పై సగంలో వాలు తగ్గితే ఆ తగ్గినంతా హోస్ వాటా, మొదట్లో ఎగబాకిన ముక్క అలాగే మిగిలితే అది గాలి వాటా.